గాలి దిగే చోటు

అమెరికాలోని నెవాడాలో, ఓ కనుమ కింద మూసేసిన పెట్రోలు బంకు దగ్గర, బండి వెనక ఇల్లు తగిలించుకు తిరిగే మా ట్రెయిలర్ల వాళ్లెవరూ రాత్రి ఆగరు. టైరు పేలి, ట్రెయిలరు కింద నలిగి చచ్చిన మనిషొకడు దెయ్యమై చీకటి పడ్డాక చక్రాల చుట్టూ తిరుగుతాడంటారు. పడుకున్నాక — స్‌స్‌స్... అని గాలి పోతున్న చప్పుడు. తెల్లారేసరికి టైరు మెత్తబడి ఉంటుంది.

మెరిల్ నమ్మలేదు. నాకిదంతా చెప్పింది అతనే.

భార్య లవోన్‌తో ట్రెయిలర్లోనే కాపురం అతనిది. పాత టైర్లు తీసేసి, ఎక్కువ బరువు మోసేవి వేయించాడు. పాతవాటికి యాభై పౌన్ల గాలి సరిపోయేది. కొత్తవాటి మీద ఎనభై దాకా అని ఉంది. ట్రెయిలర్లు నిలిపే పార్కులో తలో మాట అన్నారు.

"ఎనభై కొట్టెయ్, గొడవుండదు."

"ట్రెయిలరు మీద యాభై అని రాసుంటే, నీకెందుకోయ్ అతి తెలివి?"

మెరిల్ ఎవరి మాటా వినలేదు. సామానుతో సహా ట్రెయిలరుని కాటా ఎక్కించాడు. ఆ బరువుకి ఎంత గాలి కావాలో టైర్ల కంపెనీ పట్టికలో చూశాడు. చక్రాల రిమ్ములు అరవై అయిదుకి మించి గాలి తట్టుకోలేవని తెలిసి, అక్కడే ఖాయం చేశాడు. లవోన్‌కి కూడా విడమరచి చెప్పాడు.

"ఎక్కువైతే బండి ఎగిరెగిరి పడుతుంది. తక్కువైతే టైరు లోపల్లోపలే ఉడికిపోయి, ఏ దిగుడులోనో చీలిపోతుంది. అర్థమైందా?"

"అయింది," అందామె.

వాళ్లు కనుమ దాటాల్సిన రోజు పైన ఈదురుగాలి. ట్రెయిలర్లని పైకి వదల్లేదు. వేరే దారిలేక ఆ బంకు దగ్గరే ఆగారు.

తెల్లారి చూస్తే కుడి వెనక టైరులో గాలి సగమే ఉంది. నింపి, సబ్బు నీళ్లు పోసి చూశాడు. ఒక్క బుడగ రాలేదు. ఈదురుగాలి తగ్గలేదు, కదలడానికి లేదు. మర్నాడు మళ్లీ... అదే టైరు.

"ఆ టైర్ల కొట్టువాడు నాసిరకం అంటగట్టాడు, వెధవ!"

"మనుషులు ఊరికే అంటారా, మెరిల్?" అని గొణిగింది లవోన్.

ఆ రాత్రి మెరిల్‌కి మెలకువ వచ్చింది. స్‌స్‌స్...

భార్యని లేపుదామని చెయ్యి చాపాడు — పక్క ఖాళీ. దెయ్యం ఆమెనే పట్టుకుపోయిందనుకుని, టార్చితో బయటికి ఉరికాడు.

చక్రం దగ్గర తెల్లగా ఏదో... వంగి కూర్చుని ఉంది.

"లవోన్?"

ఆమె ఉలిక్కిపడలేదు. వాల్వులో గుచ్చిన పుల్ల తియ్యలేదు.

"ఇంటికి పోదాం, మెరిల్."

"ఇల్లెక్కడిది? అమ్మేశాంగా!"

"అమ్మావు. ఒక్క చలికాలం తిరిగొద్దామని నన్ను బయల్దేరదీసి... దారిలో అమ్మేశావు."

"ఈ టైరు దిగుడులో చీలితే చచ్చిపోతాం. నీకు చెప్పానుగా!"

"చెప్పావు. అందుకే తెలిసింది."

"నువ్వూ నా పక్కనే కూర్చుంటావు కదే!"

"ఎప్పుడు కూర్చోలేదు?" అంది లవోన్.

తెల్లారి కనుమ దారి తెరిచారు. మెరిల్ ట్రెయిలరుని బండి నుంచి విప్పి అక్కడే వదిలేసి, లవోన్‌ని వాళ్లక్క ఇంట్లో దించేసి వచ్చాడు.

ఇదంతా నాకు చెప్పి, లేవబోతూ ఆగాడు.

"ఆ రెండు పొద్దులూ సబ్బు నీళ్ల గిన్నె పట్టుకుని నా పక్కనే నిలబడింది," అన్నాడు. "బుడగలు వస్తున్నాయేమోనని... తనే వంగి చూసింది."