నాలుగున్నర గంటల జెండా

"అక్కడ ఎండదెబ్బ తగిలి పడిపోతే పట్టుకుని కూర్చోబెట్టే దిక్కెవరు?"

ఈ మాట నేను మా అమ్మాయి పెట్టె సర్దకముందే అన్నాను. అప్పటికి రైలు టికెట్లు కూడా చేతికి రాలేదు. మా ఊళ్ళో చలి ఎలా ఉందంటే, కుళాయి తిప్పాలంటే చేతికి గుడ్డ చుట్టుకోవాలి. పొద్దెక్కినా ఎదురింటి గోడ కనిపించని మంచు. అలాంటి రోజుల్లో దక్షిణాదికి, చలికాలంలో కూడా చెమటలు పట్టే సముద్రం పక్క ఊరికి వెళ్ళి, అక్కడ నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తి, మళ్ళీ రైలెక్కి వస్తుందట. వెనక నుంచి ఎవరూ తరమకుండానే.

మా ఆయన పేపరు దించకుండా, దిక్కు కావాలంటే నువ్వూ వెళ్ళు అన్నారు. ఆయన వేళాకోళానికి అన్నారు. నేను నిజంగానే బయల్దేరాను.

మా అమ్మాయి పళ్ళ డాక్టరు. రోజంతా ఒకరి నోట్లోకి తొంగి చూసి, మర్నాడు తెల్లారకముందే లేచి ఒక గుంపుతో కలిసి పరుగు ప్రాక్టీసుకు పోతుంది. ఇంతకుముందు రెండుసార్లు పోటీకి వెళ్ళి రెండుసార్లూ సగంలోనే మానేసి వచ్చింది. క్లినిక్‌లో నర్సు, మేడమ్ మారథాన్ ఆటోలో పూర్తి చేశారు అని పేషెంట్లతో చెప్పి నవ్వుతుందట. ఈసారి చివరిదాకా వెళ్తే చాలు అంది. నాకైతే ఇంటిదాకా వస్తే చాలు.

అసలు భయం వేరే ఉంది. అది వచ్చిన ప్రతి సంబంధానికీ ఒక వంక పెట్టింది. ఒకడు నవ్వితే చిగుళ్ళే కనిపిస్తున్నాయంది. ఇంకొకడు వస్తానన్న రోజు రాకుండా మూడో రోజు వచ్చాడు, ఇలాంటివాడు పెళ్ళికి కూడా మర్నాడు వస్తాడంది. నేను పోయాక దీన్ని తిన్నావా లేదా అని అడిగే మనిషి ఉండడేమోనని నా బెంగ. ఎండదెబ్బ దాని తర్వాతే.

రైల్లో మా ఎదురు సీట్లో ఒక కుర్రాడు కూర్చున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. పక్కన గుడ్డ చుట్టిన కర్ర ఒకటి పెట్టుకున్నాడు. ఆ కర్ర చూడగానే ఊరేగింపులూ, రాళ్ళేసుకోవడాలూ, రైలు ఆపేయడాలూ అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఉండబట్టలేక ఏ పార్టీ బాబూ అని అడిగేశాను.

అతను గుడ్డ విప్పి చూపించాడు. అందులో ఉన్నది జెండానే, కానీ దాని మీద గుర్తేమీ లేదు. నాలుగున్నర గంటలు అని రాసి ఉంది.

"పార్టీ లేదండీ. ఇది టైము."

మా అమ్మాయి నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగింది. అప్పుడు తెలిసింది, వాళ్ళిద్దరూ ముందే ఎరుగుదురని. ఆ కుర్రాడు దాని ప్రాక్టీసు గుంపులోవాడే. పని లిఫ్టులు బాగుచేయడం. గుంపులో అందరూ అతన్ని జెండా అనే పిలుస్తారట. మా అమ్మాయి మాత్రం మర్యాదగా జెండా గారూ అంటుంది. మర్యాద అంతవరకే. ఆ తర్వాత అన్నీ ఎత్తిపొడుపులే.

అతని పనేమిటో అతనే విడమరచి చెప్పాడు. ఆ జెండా పట్టుకున్నవాడు మొదట్నుంచీ చివరిదాకా ఒకే వేగంతో పరిగెత్తాలట. ఉత్సాహం వచ్చిందని ముందుకు పోకూడదు, కాలు లాగిందని ఆగకూడదు. అతని వెనకే ఉంటే నాలుగున్నర గంటలకు గమ్యం చేరుకున్నట్టే. తమంతట తాము వేగం చూసుకోలేని వాళ్ళందరూ అతని వీపునే నమ్ముకుని వస్తారు. అందుకే మధ్యలో జెండా వదలకూడదు. ఇన్నేళ్ళలో అతను ఎప్పుడూ లేటవలేదట.

చెప్పిన వేళకు వచ్చే మగవాణ్ణి నేను మొదటిసారి చూస్తున్నాను. మా ఆయన కూరగాయలకని వెళ్తే కూడా దీపాలు పెట్టాకే వస్తారు.

"గోడ గడియారానికి కాళ్ళొస్తే జెండా గారిలాగే ఉంటుందమ్మా," అంది మా అమ్మాయి.

అతను ఉడుక్కోలేదు. డాక్టరుగారు మొదట్లో కుందేలులా దూకి, సగంలో ఆటో వెతుక్కుంటారని నాతో చెప్పాడు. దానితో అలా మాట్లాడినవాడు బతికి బట్టకట్టడం నేను చూడలేదు. ఇప్పుడేమవుతుందో అని నీళ్ళ సీసా పక్కకు జరిపాను. అది మాత్రం అతని దవడ వైపు చూసి, మీరు రైలెక్కినప్పట్నుంచీ కుడివైపే నములుతున్నారు, నోరు తెరవండి అంది. అతను వద్దన్నాడు. అది వినలేదు. ఫోను లైటు వేసి మరీ చూసింది.

లోకంలో ఆడపిల్లలు ముందు కళ్ళు చూస్తారు. మా పిల్ల దవడ పళ్ళు చూసింది. చూడటం అయిపోయాక కూడా గడ్డం కింద చెయ్యి తియ్యలేదు. అతను కూడా నోరు మూయలేదు. నేను గట్టిగా దగ్గాను.

దక్షిణాది ఊళ్ళో రైలు దిగగానే వేడి గాలి ఒంటికి చుట్టుకుంది. జనం పల్చటి చొక్కాల్లో, చెప్పులీడ్చుకుంటూ తిరుగుతున్నారు. నేను రెండు స్వెట్టర్లతో దిగాను. ఒక దాన్ని విప్పుతూ, ఒక్కసారిగా చలిలోంచి ఇంత వేడిలోకి వస్తే గుండె ఏమనుకుంటుందో అన్నాను. గుండెకు చెప్పే వచ్చామమ్మా అంది మా అమ్మాయి.

మేము దిగిన లాడ్జి నిండా పరుగుపెట్టేవాళ్ళే. మెట్ల మీద ఒకడు కాలు చాపి, వరండాలో ఒకడు గోడను తోస్తూ, కారిడార్లో ఒక పెద్దాయన నేల మీద వెల్లకిలా పడుకుని. ఆయన పోయాడనుకుని నేను అరిచాను. ఆయన లేచి, ఒళ్ళు సాగదీసుకుంటున్నానమ్మా అన్నాడు. రిటైరైన బ్యాంకు మేనేజరట. తర్వాత తెలిసింది, ఆయనా ఆ గుంపువాడేనని.

ఆ సాయంత్రం నేను డాబా మీద ఆరేసిన తువ్వాళ్ళు తీస్తున్నాను. పిట్టగోడ దగ్గర ఆ ఇద్దరూ నిలబడ్డారు. తీగ మీద ఆరేసిన దుప్పటి అడ్డంగా ఉండటంతో నేను వాళ్ళకు కనపడలేదు. నేను కూడా కనపడాలని ప్రయత్నం చేయలేదు.

రేపు గమ్యం దగ్గర మీతో ఒక మాట చెప్పాలి అన్నాడు అతను. ఇప్పుడే చెప్పొచ్చుగా అంది. ఇప్పుడు చెప్తే రేపు జెండా పట్టుకున్న చెయ్యి వణుకుతుందన్నాడు. నా చేతిలో తువ్వాలు కిందపడింది. దేవుడి దయ, చప్పుడు కాలేదు.

"అయితే టైముకి రండి," అంది మా అమ్మాయి. "జెండాతో సహా. ఒక్క నిమిషం లేటైనా వినను."

"నేను లేటవడమా?" అని అతను నవ్వాడు.

పొగరుబోతు పిల్ల. కానీ దాని గొంతులో ఏదో మెత్తదనం నాకు తెలిసింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా వింటున్న గొంతు కదా. రేపు ఆ పిల్లాడు టైముకి వస్తే చాలు, నా బెంగ తీరుతుంది అనుకున్నాను. అతనికి కాలు బెణక్కూడదనీ, కుక్క అడ్డు రాకూడదనీ, జెండా కర్ర విరక్కూడదనీ దండాలు పెట్టుకున్నాను. అడ్డు వచ్చేది నేనేనని నాకేం తెలుసు?

మర్నాడు వాళ్ళను మైదానంలో వదిలి, నేను సముద్రం పక్క రోడ్డు మలుపులో గొడుగేసుకుని నిలబడ్డాను. మా అమ్మాయి ఫోను కూడా నా సంచిలోనే ఉంది. బరువని ఇచ్చేసింది. మైకులో ఒకడు మీరంతా సింహాలు అని అరుస్తున్నాడు. సింహాలు ఒక్కొక్కటే అరటిపండ్లు తింటూ, మూలుగుతూ నా ముందు నుంచి పోతున్నాయి.

ఎండెక్కాక ఆ జెండా కనిపించింది. దాని వెనక తేనెపట్టులా జనం. నేను ఒక్కొక్క మొహమే వెతికాను. మా అమ్మాయి లేదు.

నేను రోడ్డు మీదికి దూకి జెండా కర్ర పట్టేసుకున్నాను. వెనకాల వాళ్ళు ఒకరి మీద ఒకరు పడబోయి తమాయించుకున్నారు. నా కూతురేది అంటే, తాగడానికి నీళ్ళిచ్చే బల్ల దాకా వెనకే ఉందండీ అన్నాడు అతను, ఉన్నచోటే గెంతుతూ.

"పడిపోయింది బాబూ," అన్నాను. "అక్కడే ఎక్కడో పడిపోయింది. నాకు తెలుసు."

అతను నా మొహం చూశాడు. చేతి గడియారం చూశాడు. వెనక్కి చూశాడు. ఆ తర్వాత జెండాను వెనకే వస్తున్న బ్యాంకు మేనేజరు చేతిలో పెట్టి, వచ్చే జనానికి ఎదురుగా, వెనక్కి పరుగు తీశాడు. అందరూ ఒక వైపు పోతుంటే అతనొక్కడే అటు పోతున్నాడు. ఒకడు తిట్టాడు కూడా.

పెద్దాయనకు జన్మలో మొదటిసారి జెండా దొరికింది. ఛాతీ విరుచుకుని, అడగకుండా అప్పు మంజూరు చేసేవాడిలా దూసుకుపోయాడు. పాపం వెనకాల వాళ్ళు రొప్పుతూ ఆయన వెంటపడ్డారు.

ఇంతకీ మా అమ్మాయి టాయిలెట్ లైన్లో ఉంది. నీళ్ళ బల్ల వెనక ప్లాస్టిక్ గదులు నాలుగు పెట్టారట, బయట బారెడు లైను. అది బయటికి వచ్చేసరికి జెండా ఎక్కడో చుక్కలా కనిపించిందట. నాకోసం ఒక్క క్షణం నెమ్మదించలేదు, గడియారం మనిషి అని దానికి ఒళ్ళు మండింది. పట్టుకుని కడిగేయాలని పరుగు అందుకుంది. నేను గొడుగు కింద కళ్ళు మూసుకుని దండాలు పెట్టుకుంటున్న సమయంలో నా ముందు నుంచే పోయిందట. అతను రోడ్డుకు అవతలి పక్క మందుల టెంటులో దానికోసం మంచం మంచం వెతుకుతున్నాడు.

ఆ కోపంతోనే అది చివరిదాకా వెళ్ళింది. ఆగలేదు, ఆటో వెతకలేదు. గమ్యం గీత దాటిన మరుక్షణం జెండా పట్టుకున్నవాడి భుజం మీద చెయ్యివేసి ఈ వైపు తిప్పితే బ్యాంకు మేనేజరు. టైము కన్నా ముందే తెచ్చాను చూశావా అమ్మాయీ అన్నాడట ఆయన.

ఎవరి ఫోనో అడిగి నాకు చేసింది. గొంతు వినగానే నేను రోడ్డు మీదే కూలబడి ఏడ్చాను. అక్కడికి వెళ్ళాక జరిగినదంతా చెప్పాను. పడిపోయిందని ఎందుకు చెప్పావమ్మా అంది. కనపడకపోతే ఏమనుకోవాలి, షికారుకు వెళ్ళిందనుకోవాలా అన్నాను. తల్లికి అలాంటి ఊహలు రావు. ఇప్పటికీ అదే అంటాను.

అది మెడలో మెడల్ తీసి పక్కన పెట్టి, గట్టు మీద కూర్చుని రోడ్డు వైపే చూసింది. నాలుగున్నర గంటలు దాటింది. ఐదూ దాటింది. సింహాలన్నీ బస్సులెక్కి వెళ్ళిపోయాయి. ఎండదెబ్బకు అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారేమో అన్నాను. అమ్మా అంది, అంతే. లాడ్జికి పోదాం, బట్టలైనా మార్చుకో అని తర్వాత ఒకసారి అంటే తల అడ్డంగా ఊపింది.

గమ్యం దగ్గర గాలి నింపి నిలబెట్టిన కమాను నుంచి గాలి తీసేస్తున్నప్పుడు అతను వచ్చాడు. పరిగెత్తడం లేదు, నడవడం కూడా కాదు, ఆ రెంటికీ మధ్య ఏదో. మొహం ఎర్రగా కమిలింది. మా అమ్మాయిని చూసి ఆగి, గట్టు పక్కన అలాగే నేలమీద చతికిలబడ్డాడు.

"బాగానే ఉన్నారా?"

"టాయిలెట్ లైన్లో ఉన్నాను," అంది అది.

టెంట్లన్నీ చూశానండీ, అంబులెన్సులో కూడా ఎక్కి చూశాను, అదొక్కటే తట్టలేదు అన్నాడు. ఒక టెంటులో అతన్నే పేషెంటనుకుని పడుకోబెట్టి, తల మీద ఐసు పెట్టి చాలాసేపు లేవనివ్వలేదట.

ఏదో చెప్తానన్నారుగా అంది మా అమ్మాయి. నేను గొడుగు సర్దుకుంటున్నట్టు అటు తిరిగాను. చెవులు మాత్రం తిప్పలేదు.

"లేటయ్యానుగా. జెండా కూడా లేదు," అన్నాడు అతను. "మాటంటే మాటండీ. చెప్పను."

ఆ గొడుగుతో అతని నెత్తిన ఒకటి వేయాలనిపించింది. ఇంత నిక్కచ్చి ఎవడు నేర్పాడు వీడికి? ఒక్క అబద్ధమైనా ఆడి, ఒక్క మాటైనా చెప్పి చావచ్చుగా. ఇక అయిపోయింది, ఇది ఇంకెవరినీ నోరు తెరవమనదు, రైల్లో తలా ఒక కిటికీ వైపు తిరిగి కూర్చుంటారు అనుకున్నాను.

మా అమ్మాయి గట్టు దిగి అతని ఎదురుగా నేల మీద కూర్చుంది. జన్మలో ఎవరినీ ఏదీ అడగని పిల్ల. చిన్నప్పుడు జ్వరంలో మంచినీళ్ళు కూడా అడిగేది కాదు.

"అయితే నేనే అడుగుతాను. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

అతను నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. దాని మొహం చూశాడు, కాళ్ళు చూసుకున్నాడు, అవతల సముద్రం చూశాడు. కమాను చప్పబడి పూర్తిగా నేలకొరిగింది. ఇద్దరు మనుషులు దాన్ని చాపలా చుట్టడం మొదలుపెట్టారు. మా అమ్మాయి చెవులు ఎర్రబడుతున్నాయి. అయినా చూపు తిప్పుకోలేదు. నాకు అన్నీ చెడ్డ ఊహలే. వేరే పిల్ల ఎవరైనా ఉందేమో, ఇంట్లో ఒప్పుకోరేమో, ఎండకు మాట పడిపోయిందేమో. బాబూ అని పిలవబోయి, పొద్దున నేను నోరు తెరిచినందుకు ఏమైందో తలుచుకుని ఊరుకున్నాను. కమాను చుట్టినవాళ్ళు దాన్ని భుజాన వేసుకుని వెళ్ళిపోయారు కూడా.

"చేసుకుంటానండీ," అన్నాడు చివరికి. "కాకపోతే ముందు ఎవరైనా నన్ను లేవదీయాలి."