బంగారుపాళ్యంలో కలెక్టర్

జోయల్‌ను చంపినవాళ్లు అతని చొక్కా జేబులో ఒక మామిడిపిందె పెట్టి వెళ్లారు. మిగతా ఇన్‌ఫార్మర్లకు అది హెచ్చరిక.

తిరుపతి ఆఫీసులో చీఫ్ మునిరామయ్య బ్రీఫింగ్ చిన్నది. విదేశీ ముఠా దాచిన ఎర్రచందనం ఈ మధ్యాహ్నం బంగారుపాళ్యం మామిడి యార్డు నుంచి చెన్నై రేవుకు పోతుంది. పచ్చి కాయలకు పన్ను లేదు, అందుకే బిల్లు అడిగేవాళ్లూ లేరు. ఏ లారీ అన్నది మాత్రం తెలియదు.

"ఈ లోడు దాటిపోతే జోయల్ ఫైలు మూసేస్తారు మ్మా," అన్నాడాయన.

ఏజెంట్ రూతు తల ఊపింది. జోయల్‌ను ఈ పనిలోకి తెచ్చింది ఆమే. అతను పోయినప్పటినుంచి సరిగా నిద్ర లేదు.

యార్డులో ఆమె వేషం కాయలు ఏరే కూలి. చెవిలో దాచిన రిసీవర్ ఎప్పటిలాగే గరగరమని ఆగిపోయింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని లోహిత వచ్చింది. ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కు కబుర్లు మోసే అందగత్తె. సొంతూరు పలమనేరని రికార్డు.

"గేటు పక్కన నీలం లారీ. కలెక్టర్ కాయల కింద ఉండాది సరుకు," అంది పెదవులు కదపకుండా.

రూతు చేతిలోని కాయ ఆగిపోయింది. ఈ వైపు చిన్నపిల్లలు కూడా ఆ మామిడిరకాన్ని బెంగుళూర అంటారు. కలెక్టర్ కాయ అనేది కోస్తా మాట. 'ఉండాది' అనే ఇక్కడి యాస నేర్చుకున్న మనిషి కాయ పేరు నేర్చుకోలేదు. ఊరు అబద్ధమైతే లారీ కూడా అబద్ధమే.

రూతు నేరుగా వెళ్లి, లారీలను పిలిచే మైకు అందుకుంది.

"కలెక్టర్ వచ్చినాడు. బండ్లన్నీ సోదా సేస్తారంట," అంది నీరసంగా.

డ్రైవర్లు తువ్వాళ్లు మొహాల మీదికి లాక్కుని మళ్లీ పడుకున్నారు. కాయలే ఉన్నవాళ్లకు భయమేముంది? చివర ఉన్న పసుపు లారీ ఒక్కటే గర్జించి గేటువైపు దూసుకుపోయింది. అక్కడ కాపు కాస్తున్న ఏజెంట్ మునికుమార్ జీపు అడ్డం పెట్టాడు. బెత్తెడు దూరంలో లారీ ఆగింది. కాయలు జారిపడి, ఎర్ర దుంగలు బయటపడ్డాయి. జోయల్‌ను చంపిందెవరో డ్రైవర్ అక్కడే చెప్పేశాడు.

"కలెక్టర్ యాడ?" అంది లోహిత, చేతికి బేడీలు పడుతుంటే.

రూతు ఆమె చేతిలో ఒక కాయ పెట్టింది. "ఇదో. నువ్వు పేరు పెట్టినోడే."

సాయంత్రం రూతు సెలవు అడిగింది. చీఫ్ ఇస్తానన్నాడు. కాకపోతే ముందు సంజాయిషీ రాయాలట. తాను రాకుండానే వచ్చినట్టు ఎవరు చెప్పారని అసలు కలెక్టర్ అడుగుతున్నాడు.