కళాసుల పాట

జగన్నాథపురం చేపల బజారులో ఒకామె నడుముకు కొంగు బిగించి, మెడ నరాలు ఉబ్బేలా అరుస్తోంది. నూకరత్నం చెవికి మాత్రం, "అయ్యా, తమరు చెప్పిన ధర నాకు గిట్టదండి," అన్న మెత్తని మాటే చేరింది. బేరమాడేవాడు అంతకన్నా పెద్ద నోరు తెరిచాడు. "మన్నించాలి, మరో చోట చూసుకుంటాను," అని వినిపించింది. ఎవరికీ కోపం రాలేదు.

మృదుశ్రవణి వచ్చాక లోకం తీరు ఇదే. పెసరగింజంత పూస అది. బిడ్డకు ఏడాది నిండగానే చెవిలో అమరుస్తారు. ఎదుటివాళ్ళ నోటి మోటుమాటను చెవికి చేరేలోపే మర్యాదగా మార్చేస్తుంది. మార్చడం కుదరకపోతే మింగేసి, అంతమేరా నిశ్శబ్దం నింపుతుంది. వీధి తగాదాలు పోయాయి, అత్తాకోడళ్ళ రచ్చలు చల్లారాయి. పూస తీయకూడదన్న చట్టమేమీ లేదు కానీ, తీస్తే తల తిరుగుతుందన్న భయం కొద్దీ ఎవరూ తీయరు.

ధ్వనిభాండారంలో నూకరత్నం పని పాత రికార్డులను బాగుచేయడం. ఆ పొద్దు ఆమె బల్ల మీద అంచు విరిగిన లక్క రికార్డు ఒకటి ఉంది. కోరంగి నుంచి రంగూనుకు తెరచాప ఓడలు తిరిగిన కాలంలో వాటిలో పనిచేసే కళాసులు పాడుకున్న పాటట. రంగూనులోనే ఎవరో రికార్డు పట్టి దాచారు. మరో ప్రతి ఎక్కడా లేదు. కాంతిసూది గాడిని తాకకుండానే చదవసాగింది. తాళ్ళు లాగుతున్న చప్పుడు, "ఓలెస్సా" అని గుంపు కేక, ఆపైన నిశ్శబ్దం. వెంటనే మగవాళ్ళ పకపకలు. మళ్ళీ నిశ్శబ్దం. తెర మీద మాత్రం గొంతు గీతలు నిండుగా కదులుతున్నాయి.

పై అధికారి భ్రమరాంబగారు వచ్చి చూసి నవ్వారు. "లోపం రికార్డులో లేదమ్మా. నీ పూస మింగేస్తోంది. ఇంటికి దూరమైన మగాళ్ళు నడిసముద్రంలో పాడుకున్న పచ్చి పాటలివి. ఉత్త చెవితో వింటే తప్ప బాగుచేయలేవు. తలుపేసుకుని పూస తీసెయ్."

ఆవిడ వెళ్ళాక నూకరత్నం తలుపేసుకుని, భయపడుతూనే పూస తీసింది. బొంగురు గొంతు ఒకటి పక్కనే కూర్చున్నట్టు పలికింది:

"తెరచాప ఇప్పేసి చూడే, గాలికెంత బలముందో
గాలొచ్చి దూరేక అడగకె, ఏ ఊరి గాలని"

నూకరత్నానికి మొహం వేడెక్కింది. ఎవరైనా చూస్తున్నారేమోనని తలుపు వంక చూసింది. ఆపైన నవ్వు ఆగక పొట్ట పట్టుకుంది. ఎవరినీ తిట్టిన పాట కాదిది. ఆడమనిషి మీద బెంగతో పుట్టిన కొంటెతనం.

నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. భర్త ధనరాజు గుర్తొచ్చాడు.

ధనరాజు రేవులో ఓడలను లాగే టగ్గు నడుపుతాడు. తాతల నాటి నుంచీ వాళ్ళది సముద్రం మీద బతుకు. పెళ్ళయిన కొత్తలో ఓరకంట చూస్తూ ఏదో అనేవాడు. పెదాలు కదిలేవి, ఆమె చెవిలో మాత్రం నిశ్శబ్దం. గొణుగుతున్నాడనుకుని అయోమయంగా చూసేది. కొన్నాళ్ళకు అదీ మానేశాడు. ఇప్పుడు ఇద్దరి మధ్యా కూరా నారా మాటలే. విశాఖకు బదిలీ అడుగుదామనుకుంటున్నానని ఆమె అంటే, "నీ ఇష్టం," అన్నాడంతే.

నూకరత్నం పూసను కొంగున ముడివేసుకుని, భోజనానికని ఇంటికి బయలుదేరింది. బజారు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నా ఆగలేదు.

ధనరాజు అప్పుడే కంచాలు పెడుతున్నాడు. "చారు పొయ్యనా?" అన్నాడు. ఆమె ఊపిరి బిగబట్టి విన్నది. "మజ్జిగ కూడా ఉంది." ఇంకేమైనా అంటాడేమోనని చూసింది. అనలేదు. మింగేయడానికి పూస లేకపోయినా అతని దగ్గర మాటలే లేవు.

ఏం చేయాలో తోచక ఆ పాటే ఎత్తుకుంది. ధనరాజు వింతగా చూశాడు.

"ఏంటే, పెదాలు ఆడిస్తున్నావు? గొంతు పోయిందా?"

ఆమె అతని గడ్డం పట్టుకుని పక్కకు తిప్పి, గోటితో అతని చెవిలోని పూస లాగేసింది. అతను ఉలిక్కిపడ్డాడు. మళ్ళీ పాడింది.

ధనరాజు నవ్వలేదు. గరిటె పక్కన పెట్టి, నేల మీద చతికిలబడ్డాడు.

"నీకు ఇలాంటివి ఇష్టమేంటే?"

"ఇష్టమో కాదో తెలియాలంటే వినపడాలి కదయ్యా! నువ్వన్నవన్నీ పూస మింగేసింది."

"అది తిట్లు కదా మింగేది? నిన్నెప్పుడైనా తిట్టానా?"

"లేదు."

"ముచ్చటేసి అన్న మాటలే అవి. నువ్వేమో మొహం గంటు పెట్టుకునేదానివి. మోటోణ్ణని అసయ్యం కాబోలని నోరు మూసుకున్నా."

నూకరత్నం కంచం తోసేసి అతని పక్కన కూర్చుంది. "ఏమన్నావో చెప్పు. అన్నీ చెప్పు."

ఆమె తడిజుట్టుతో వంటింట్లోకి వచ్చిన ఒకనాటి మాట అతను చెవిలో చెప్పాడు. ఆమె కిసుక్కున నవ్వి భుజం మీద చరిచింది. మరోసారి ఉప్పాడ సముద్రం ఒడ్డున అన్నది చెప్పబోయి, నోరు తెరిచి, నుదురు రుద్దుకున్నాడు.

"ఏదో మంచి మాటే అన్నానే. తప్పకుండా నవ్వుతావనుకున్నా." కాసేపు వెతుక్కున్నాడు. "పోయిందే. రావట్లేదు."

ఎప్పుడో చచ్చిపోయిన కళాసి కొంటెతనాన్ని ఆ పొద్దున గాడిలోంచి పైకి తీసిందామె. భర్త మాటలు మాత్రం ఏ గాడిలోనూ పడలేదు. ఆమెకు కళ్ళు చెమర్చాయి.

"పోతే పోనీలే. కొత్తది చెప్పు."

ధనరాజు ఆమెను చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అలా చూత్తంటే రాదు. అటు తిరుగు."

నూకరత్నం గోడ వైపు తిరిగి కూర్చుని, ఎదురుచూడసాగింది.