రోజీ చంపలేదు

2004 మార్చి. శనివారం సాయంత్రం 4:40.

ఐర్లండ్‌లోని ఎన్నిస్‌లో కొత్తగా కట్టిన ఇళ్ల ఎస్టేట్. ఒక అద్దె ఇల్లు. హాల్లో రాజ్‌కిరణ్ శవం బోర్లా పడి ఉంది. తల వెనక ఒకే దెబ్బ. పక్కనే ఇస్త్రీపెట్టె.

గిరిజాకుమారి శవాన్ని చూసింది. తర్వాత సార్జెంట్ కీన్ చేతికిచ్చిన కాగితాలు చదివింది. శవమే నయమనిపించింది.

విజయవాడలో ఆరేళ్లు క్రైమ్ ఎస్సైగా చేసి, భర్త ఉద్యోగం షానన్‌కు మారితే వచ్చిపడిన మనిషి ఆవిడ. తెలుగువాళ్ల కేసు ఏదొచ్చినా గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆవిడనే పిలుస్తారు. ఇవాళ్టి పని అనువాదం. అదీ ఒక తెలుగు కౌబాయ్ నవలకి!

నిండా గుర్రాలు, తుపాకులు. ముద్దు పెట్టుకోవడానికి నాలుగు పేజీలు. ఆఖరి చాప్టర్లో రోజీ అనే పిల్ల తన ప్రియుడు జానీని వెనక నుంచి ఇస్త్రీపెట్టెతో కొట్టి చంపుతుంది. జానీ బోర్లా పడతాడు. అచ్చం ఈ హాల్లో లాగే.

"రోజీ అంటే సుధేష్ణే మేడమ్," అన్నాడు మధుసూదనరావు.

ఇల్లు లీజుకు తీసుకున్నది ఆయనే. ఐటీ ఉద్యోగి. నలభై అయిదేళ్లు. రాజ్‌కిరణ్ ఆయన దగ్గరే ఒక గదిలో ఉండేవాడు.

"నవల మా ఇద్దరిదీ. ప్లాట్ నాది, వాడు రాసిపెట్టేవాడంతే. ఆ అమ్మాయి వాడితో తిరిగింది, ఇది చదివింది, ఇలాగే చేసింది. పాపం, చదువుకోవలసిన పిల్ల!"

ఆ జాలి చూసి గిరిజకు ఒళ్లు మండింది.

సుధేష్ణ లిమరిక్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. నాలుగింటికి వచ్చి, రాజ్‌కిరణ్ ఇచ్చిన తాళంచెవితో తలుపు తీసి, శవాన్ని చూసి గార్డులకు ఫోన్ చేసింది తనే. ఇప్పుడు వానకు తడిసి వంటింట్లో వణుకుతోంది.

"డాక్టరు లెక్కన చావు పొద్దున పదకొండు ప్రాంతంలో," అన్నాడు కీన్. "ఆ అమ్మాయేమో అప్పుడు లిమరిక్‌లో తన గదిలో నిద్రపోతున్నానంటోంది. సాక్షి లేడు. ఈయన ఏడింటి బస్సులో గాల్వే వెళ్లి ఇప్పుడే వచ్చాడు. టికెట్ పక్కాగా ఉంది. అమ్మాయిని తీసుకెళ్తున్నాం."

తీసుకెళ్తే చదువు పోతుంది. వీసా పోతుంది. హంతకురాలన్న పేరు మాత్రం ఉండిపోతుంది.

"అలా తడిబట్టల్తోనా? అయిదు నిమిషాలు ఆగండి," అంది గిరిజ.

తువ్వాలు కోసం మెట్ల పక్కనున్న హాట్ ప్రెస్ తెరిచింది. వేడినీళ్ల ట్యాంకు ఉండే అల్మరా అది. ఐరిష్ వాళ్లు అందులో దుప్పట్లు వెచ్చబెట్టుకుంటారు. తెలుగువాళ్లకు అంతకన్నా ముఖ్యమైన పని ఒకటుంది.

ట్యాంకు పక్కన మూతపెట్టిన స్టీలు గిన్నె. మూత తీసి కాస్త వంచింది. అంచున తోడుకుంటోంది. మధ్యలో ఇంకా పాలే.

తువ్వాలు సుధేష్ణకు కప్పి, గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇది ఎవరు తోడు పెట్టారు?"

"నేనే," అన్నాడు వెనకే వచ్చిన మధుసూదనరావు. "నా పెరుగు ఇంకొకళ్లను ముట్టుకోనివ్వను. రాజ్‌కిరణ్‌కు పాలే పడవు."

"ఎప్పుడు?"

"బస్సుకు బయల్దేరే ముందు. ఆరున్నరకి. శవం దగ్గర ఈ పెరుగు గోలేంటండీ?"

"సార్జెంట్, బాయిలర్ టైమర్ ఎలా ఉంది?"

కీన్ చూసొచ్చాడు. "పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా. ట్యాంకు కాలిపోతోంది."

"ఆ వేడికి ఆరేడు గంటల్లో పెరుగు గట్టిపడుతుంది. మా ఇంట్లో రోజూ అక్కడే పెడతాను. ఆరున్నరకు పెట్టుంటే ఈపాటికి పుల్లబడి నీళ్లు వదలాలి. ఇది అయిదు గంటల కిందట పెట్టింది. అంటే పదకొండున్నరకు ఈయన ఇంట్లోనే ఉన్నాడు."

"తోడు... తక్కువైందేమో."

"రోజూ పెట్టే చెయ్యి. ఇవాళే తక్కువైందా?" గిరిజ నవ్వింది. "టికెట్ గాల్వే దాకా కొన్నారు. దార్లో గోర్ట్‌లో దిగి వెనక్కొచ్చారు. డ్రైవర్‌ను అడుగుదామా?"

మధుసూదనరావు గిన్నెను తన వైపు లాక్కున్నాడు.

"సీరియల్‌గా వేస్తామని వారపత్రిక వాళ్లు రాశారు. నా నవల అని నలుగురికీ చెప్పుకున్నాను. వీడేమో తన పేరొక్కటే వేయమన్నాడు. నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"అందుకని చంపావా?" మర్యాద అక్కడితో సరి. "చంపి, శవాన్ని నవల్లో లాగా పడుకోబెట్టావు. ఈ పిల్ల మెడకు చుట్టావు. అంతా అయ్యాక, రాత్రి అన్నంలోకి పెరుగు లేదని గుర్తొచ్చింది. చంపిన చేత్తోనే పాలు కాచి తోడు పెట్టుకున్నావు. థూ! నీదీ ఒక బతుకేనా?"

కీన్ సంకెళ్లు బయటికి తీశాడు.

సుధేష్ణ మొదటిసారి తలెత్తింది. "ఆంటీ, ఆ కథలో రోజీ చంపదు. రాజ్ నాకు చివరిదాకా చదివి వినిపించాడు. ఇద్దరూ గుర్రమెక్కి వెళ్లిపోతారు."

ఎవరూ ఆ పిల్లను ఆ మాట అడగనే లేదు.

గిరిజ ఆఖరి చాప్టర్ కాగితాలు మధుసూదనరావు ముందు పడేసింది. "మొత్తానికి నువ్వూ ఒక చాప్టర్ రాశావన్నమాట. కింద సంతకం పెట్టు."