గోల్లో నిలబెట్టిన పిల్ల

పరుపులాయన కూతురికి ఫుట్‌బాల్ కోచ్ అన్యాయం చేసింది. ఇందులో వాదించడానికేం లేదు.

దేశం జట్టులో ఆడిస్తామని తీసుకెళ్ళింది. చుట్టుపక్కల దేశాల ఆడపిల్లలకి, పదిహేడేళ్ళ లోపు వాళ్ళకి పెట్టే పోటీలు ఈసారి వాళ్ళ ఊళ్ళోనే జరుగుతున్నాయి. వీధి వీధంతా పరుపులాయన్ని ఆపి పలకరించింది. భార్య పోయాక నవ్వడం మానేసిన మనిషి ఆ వారం కొట్టు ముందు నిలబడి జనంతో మాట్లాడాడు కూడా. తీరా టీవీ పెట్టి చూస్తే ఏముంది? జట్టులో పిల్లలందరూ నీలం చొక్కాలు వేసుకుని మైదానమంతా పరుగులు పెడుతున్నారు. తన పిల్ల ఒక్కతే వల ముందు నిలబడి ఉంది, గుంజకు కట్టేసిన దూడలాగా. ఒంటిమీద పసుపు చొక్కా. చివరికి బట్టల్లో కూడా వేరు చేశారు.

టీవీ కట్టేశాడు. ఆ తర్వాతి ఆటలేవీ చూడలేదు. ఎందుకని తన అక్క అడిగితే చెప్పలేదు. ఫైనల్‌కి ముందురోజు పిల్లలు దిగిన హాస్టల్‌కి వెళ్ళి, "రేపు నా కూతురు ఆడదు" అని గేటు దగ్గర చెప్పి వచ్చేశాడు.

మర్నాడు పొద్దున్న ఎప్పటిలాగే కొట్టు తెరిచాడు. ఇంటి ముందుగదే కొట్టు. నేలమీద పరుపు పరిచి, పొడుగు సూదితో అంచు కుట్టడం మొదలుపెట్టాడు. అక్క టీ తెచ్చి పక్కన పెట్టింది. మరదలు చనిపోయిన ఏడు పిల్లని చూసుకోవడానికని వచ్చి ఉండిపోయిన మనిషి ఆమె.

"దేశమంతా టీవీల ముందు కూర్చునే రోజు కూడా పరుపులేనట్రా నీకు?"

"పరుపులు లేకపోతే దేశం ఎక్కడ పడుకుంటుంది?"

"మాటకేం తక్కువ లేదు. మనసే గోనెసంచి మూతిలా కుట్టేసుకున్నావు."

ఆయన సూది ఆపలేదు.

వీధిలో వ్యాను ఆగింది. పిల్ల దిగింది. వెనకాల కోచ్. బొంగురు గొంతు, మెడలో ఈల, ఎండకి కమిలిన మొహం. పిల్ల లోపలికొచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది. రాత్రంతా ఏడ్చినట్టుంది.

"ఏంటి నాన్నా ఇది? నేనేం తప్పు చేశాను?"

"తప్పు నీది కాదు. ఈవిడది."

కోచ్ చేతులు జోడించింది. "కూర్చుని మాట్లాడదాం సార్. మీకు ఇష్టం లేకుండా నేను పిల్లని దించలేను. కానీ మధ్యాహ్నం ఫైనల్. ఈ అమ్మాయి లేకపోతే మా పని అయిపోయినట్టే."

"ఊరికే నిలబడే పిల్ల లేకపోతే మీకేం నష్టం? ఓ గుంజ పాతుకోండి."

"ఊరికే నిలబడ్డమా?"

"నేనూ బడికి వెళ్ళినవాణ్ణే మేడమ్. పరుగెత్తలేనివాణ్ణి, పనికిరానివాణ్ణి గోల్లో నిలబెడతారు. నాకు తెలీదనుకోకండి. నా కూతురు ఈ వీధిలో మగపిల్లలకి కూడా అందేది కాదు. దాన్ని పదిమంది ముందు అలా నిలబెట్టడానికి మీకు మనసెలా వచ్చింది? ముందు వరసలో ఆడిస్తే ఆడుతుంది. లేకపోతే ఇంట్లో ఉంటుంది."

అక్క పకపకా నవ్వింది.

"ఓరి నీ దుంప తెగ! దీనికా టీవీ కట్టేశావు? మేడమ్, వీడి బళ్ళో రోజూ గోల్లో నిలబడ్డది ఎవరనుకున్నారు? వీడే. సన్నగా పుల్లలా ఉండేవాడు. బంతి తగిలితే బంతితో పాటు వీడూ వలలో పడేవాడు."

"అక్కా!"

"ఉన్నమాటేగా."

కోచ్ నవ్వు ఆపుకోడానికి మొహం పక్కకి తిప్పుకుంది. పిల్ల మాత్రం నవ్వలేదు. తండ్రి పక్కన నేలమీద కూలబడింది.

"నాన్నా, నన్నెవరూ నిలబెట్టలేదు. నేనే అడిగాను. బళ్ళో మొదటిరోజు నుంచీ గోలే. ముందు వరసలో ఆడమన్నా నేనే వద్దన్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగావా?"

పిల్ల వాళ్ళమ్మ ఉంటే మొదటిరోజే అడిగేది. తను అన్నం తిన్నావా అని అడిగాడు, ఫీజు కట్టారా అని అడిగాడు. ఏం ఆడుతున్నావు, ఎక్కడ ఆడుతున్నావు అని ఒక్కసారి అడగలేదు.

"అదిగో, ఆ దూది గుట్టలో దూకొద్దని చిన్నప్పుడు ఎన్నిసార్లు తిట్టావు నాన్నా! దూకడం, దెబ్బ తగలకుండా పడ్డం నేను అక్కడే నేర్చుకున్నాను. మా జట్టులో నాలా పడడం ఎవరికీ రాదు."

"నిజం సార్," అంది కోచ్. "పడ్డానికి భయపడని పిల్ల దొరకడమే కష్టం. రిఫరీ కనిపెట్టడానికని గోల్‌కీపర్‌కి వేరే రంగు చొక్కా ఇస్తాం. శిక్ష కాదది."

పరుపులాయన సూదిని పరుపులో గుచ్చాడు.

"టైమవుతున్నట్టుంది. వెళ్ళు."

"నువ్వొస్తేనే వెళ్తాను."

"పరుపు ఇవాళ ఇవ్వాలి."

"వాళ్ళని చాపమీద పడుకోమను," అంది అక్క. లోపల్నుంచి అప్పటికే ఇస్త్రీ చొక్కా తెచ్చేసింది.

మైదానం కిక్కిరిసిపోయింది. అక్కా తమ్ముడూ గోలు వెనక బెంచీమీద కూర్చున్నారు. ఆట సగమయ్యాక మనవాళ్ళు ఒక గోలు వేశారు. పరుపులాయన చప్పట్లు కొట్టలేదు. పసుపు చొక్కా మీంచి చూపు తిప్పితే కదా.

ఆట ముగిసే ముందు అవతలి జట్టులో పొడుగుపిల్ల ఒకతి అందర్నీ దాటేసింది. బంతితో ఒంటరిగా దూసుకొస్తోంది. అంతే, పసుపు చొక్కా గోలు వదిలేసి ఎదురు పరిగెత్తింది.

"ఎక్కడికే! గోలు వదిలేసి ఎక్కడికే!" పరుపులాయన బెంచీ ఎక్కేశాడు.

పిల్ల ఆ పొడుగుదాని కాళ్ళ ముందు అడ్డంగా పడింది. భుజం ఆనించి, పక్కకి దొర్లి, బంతిని పొట్టకి అదుముకుని లేచింది. మైదానం హోరెత్తింది.

"దిగండి పెద్దాయనా," అన్నాడు కాపలా పోలీసు.

"నా కూతురయ్యా!"

"అయితే మాత్రం? వెనకవాళ్ళకి కనపడొద్దూ?"

దిగాడు. మళ్ళీ ఎక్కాడు. చివరి ఈల వినిపించేదాకా పోలీసుకి అదే పని.

గెలిచారు. నీలం చొక్కాలన్నీ వచ్చి పసుపు చొక్కాని ఎత్తుకున్నాయి. ఆ సందడిలోంచి పిల్ల కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. ఆయన దాని చెయ్యి అందుకుని గ్లౌజు లాగాడు. చిటికెన వేలు వాచి ఉంది.

"నొప్పిగా ఉందా?"

"గెలిచాం కదా నాన్నా!"

"నేనడిగింది అది కాదు. నొప్పిగా ఉందా అని."

పిల్ల వేలివంక చూసుకుంది. "కొంచెం," అంది. ఆయన ఆ వేలిని రెండు చేతుల్లో పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. తుడుచుకోలేదు.

కోచ్ వచ్చింది. "ఏం సార్, వచ్చే ఆటలో పిల్లని ముందు వరసలో ఆడించమంటారా?"

వెనకాల అక్క నవ్వు మొదలైంది.

"నేను అలా అనలేదు. అన్నానని ఎవరైనా అంటే ఒప్పుకోను," అన్నాడు పరుపులాయన. "ఆ సంగతి ఇంక మా ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. నేను మాత్రం చచ్చినా ఎత్తను."