స్వశక్తి శాతం

డిసెంబరు ఆఖరి ఆదివారం. నర్సీపట్నం సైకిల్ క్లబ్బు హాల్లో నలభై మంది ఇడ్లీ పళ్లేలు పట్టుకొని గోడ మీది తెర వైపు చూస్తున్నారు. ఎవరి ఏడాది వాళ్లకి తెర మీద కనిపిస్తోంది. ఎన్ని కిలోమీటర్లు తొక్కారు, లంబసింగి ఘాట్ ఎన్నిసార్లు ఎక్కారు, ఏ నెలలో బద్ధకించారు. ప్రతి సైకిల్లోనూ ఉండే చిప్ ఈ లెక్కలన్నీ తనంతట తనే పంపుతుంది.

చలికాలం రెండు నెలలూ పొద్దున్న పది దాకా ఆ ఘాట్ రోడ్డు మీద మోటారు బళ్లు తిరగకూడదని నిబంధన వచ్చి అప్పటికి మూడేళ్లయింది. అప్పటినుంచి ఆ మంచులో సైకిల్ తొక్కడం ఒక మోజైపోయింది. విశాఖనుంచి కూడా ఉన్ని టోపీలు పెట్టుకొని జనం వచ్చేవారు.

"వరహాలు టీచరుగారిది వెయ్యండి!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

పోతల వరహాలమ్మ ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై ఏళ్లు డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. పరుగు పందెంలో విజిల్ కంటే ముందు కాలు కదిపిన పిల్లని చెవి పట్టుకొని వెనక్కి తెచ్చేది. ఏడాదిన్నర క్రితం గుండెకి స్టెంటు వేశారు. జనవరిలో సైకిలెక్కింది. ఫిబ్రవరికల్లా ఘాట్ ఎక్కింది. ఆమెను చూసి పదకొండు మంది ఆడవాళ్లు క్లబ్బులో చేరారు.

తెర మీద ఆమె పేరు వచ్చింది. మూడువేల ఎనిమిదివందల అరవై కిలోమీటర్లు. ఘాట్ యాభై రెండుసార్లు. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లు ఆగకముందే కింద మరో రెండు వరసలు వచ్చాయి.

ఏడాది మొత్తం: మీ కాళ్లు 57 శాతం, తోడు 43 శాతం.

ఘాట్ మీద: మీ కాళ్లు 31 శాతం, తోడు 69 శాతం.

చప్పట్లు తడబడి ఆగిపోయాయి. ఎవరో కిసుక్కున నవ్వి, నవ్వుని దగ్గులోకి మార్చారు.

"తోడంటే ఏటి?" అంది వరహాలమ్మ.

ఆమె భర్త నూకరాజు పళ్లెంలో చట్నీని వేలితో అటూ ఇటూ నెడుతున్నాడు. ఆ వంచిన తల చూడగానే ఆమెకు సగం అర్థమైపోయింది.

ఇద్దరూ ఇంటికొచ్చారు. తలుపు వేశాక అడిగింది.

"ఎప్పటినుంచి?"

"మొదటినుంచీ" అన్నాడు నూకరాజు. "హైమావతి నీకు సైకిలు ఇచ్చిందే, అందులోనే ఉందది. నీకు చెప్పొద్దని నేనే అన్నాను. స్టెంటు వేసిన మనిషివి ఘాటెక్కుతానని కూకున్నావు. నా ప్రాణం ఎలగుంటుంది వరాలూ?"

"వద్దని చెప్పాల్సింది. చక్రంలో గాలి తీసీయాల్సింది. ఎక్కనిచ్చి, ఎక్కీసానని నన్ను నమ్మించి, పైకొచ్చాక దండ వేసి ఫొటో తీయించారు కదండీ మీరు! ఆ ఫొటో ఆ గోడ మీదే ఉంది!"

"నువ్వు సంతోషపడ్డావు కదా."

ఆ మాటకి ఆమె ఫొటో తీసి నేలకేసి కొట్టింది. గాజు పెంకులు ఆయన కాళ్ల దాకా వచ్చాయి. ఊడ్చుకోమని చెప్పి పడుకుంది. ముద్ద ముట్టలేదు.

మర్నాడు మొదటి బస్సుకే విశాఖ వెళ్లింది.

డాక్టర్ బొడ్డేటి హైమావతి ఆమె పాత శిష్యురాలు. సముద్రం ఒడ్డున పెద్ద లాబొరేటరీ ఆమెది. టీచరుగారిని చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడింది, చిన్నప్పుడు గ్రౌండ్‌లో నిలబడినట్టే.

"కూర్చోండి టీచర్."

"నిలబడే అడుగుతాను. నా సైకిల్లో ఏం పెట్టావు?"

హైమావతి సొరుగులోంచి నిమ్మకాయంత మోటారు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది వెనక చక్రం మధ్యలో ఉంటుంది టీచర్. హ్యాండిల్ పిడుల్లో సెన్సర్లుంటాయి. మీ నాడి, మీ చేతి కండరాల వణుకు అవి చదువుతాయి. మీరు అలిసిపోతారని మీకు తెలియడానికి ఎనిమిది సెకన్ల ముందే వాటికి తెలుస్తుంది. అప్పుడు మోటారు కొంచెం తోస్తుంది."

"తోస్తే నాకు తెలియదా? నేనేం మట్టిబొమ్మనా?"

"ఎవరికీ తెలియదు. పాలల్లో చెంచాడు నీళ్లు కలిపితే నాలుక పట్టుకోలేదు. కాసేపాగి ఇంకో చెంచా. అప్పుడూ పట్టుకోలేదు. అలాగే ఇదీ. బలం పెరగడం మరీ నెమ్మదిగా ఉంటే మెదడు దాన్ని బయటిదనుకోదు, తన కాళ్లదే అనుకుంటుంది. నేను కనిపెట్టింది అదే, మోటారు కాదు." చెబుతూ చెబుతూ ఆమె ముఖం వెలిగింది. "గుండె జబ్బుతో భయపడి మంచం దిగని వాళ్లు రెండువేల మంది దీనివల్ల రోడ్డెక్కారు. తోడుందని ముందే చెప్తే సగం మంది ఎక్కేవారు కాదు. నా బలం మీద నేను వెళ్తున్నానన్న నమ్మకమే వాళ్లకి మందు. నిన్న దీన్ని అమ్మే కంపెనీవాళ్లు సాఫ్ట్‌వేర్ మార్చారు, పూర్తి రిపోర్టు అందరికీ వెళ్లిపోయింది. అది తప్పే. క్షమించండి."

"తెలిసిపోవడం ఒక్కటేనా తప్పు?"

హైమావతి బల్ల మీది మోటారుని తన వైపు జరుపుకుంది.

"మా క్లబ్బులో గౌరి అని ఉంది" అంది వరహాలమ్మ. "బట్టలు కుడుతుంది. మామూలు సైకిలు. ఆగస్టులో తుంపర పడుతూంటే మూడో మలుపు దగ్గర దిగిపోయింది, నావల్ల కాదండీ అని. నేనేమన్నానో తెలుసా? నాకు యాభై ఎనిమిదేళ్లు, గుండెలో స్టెంటు. నీకు నలభై నాలుగు, నీకేం రోగం, అన్నాను. పదిమందిలో అన్నాను. ఆమె మళ్లీ రాలేదు. నీ నిమ్మకాయ నన్ను తోస్తూంటే నేను ఆమెను తిట్టాను హైమా! నాకు లేని బలం చూపించి, ఉన్నదాన్ని ఇంట్లో కూర్చోబెట్టాను!"

హైమావతి తల దించుకుంది. "ఏం చెయ్యమంటారు?" అంది.

"ముందు నా సైకిల్లోంచి అది పీకించు. తర్వాత సంగతి నీ చదువుకే వదిలేస్తున్నా. దొంగతనంగా తొయ్యకుండా చూడు."

"లైటు పెడతాను" అంది హైమావతి. "మోటారు తోస్తున్నంతసేపూ ఎర్ర లైటు. తొక్కేవాళ్లకీ, చూసేవాళ్లకీ కూడా తెలుస్తుంది. అందరూ పెట్టేలా రూలు తెప్పిస్తాను. మాటిస్తున్నా."

నర్సీపట్నం బస్సు దిగి వరహాలమ్మ తన ఇంటికి పోలేదు. సరాసరి గౌరి ఇంటికి వెళ్లింది. గౌరి కుట్టుమిషను దగ్గర ఉంది. వరండాలో ఆమె సైకిలు మీద తడి లంగాలు ఆరేసి ఉన్నాయి.

వరహాలమ్మ జరిగింది మొత్తం చెప్పింది. గౌరి మిషను ఆపకుండానే విన్నది.

"తెలుసండి. నిన్నే తెలిసింది. ఊరంతా నవ్వుకుంటన్నారు" అంది.

"నన్ను క్షమించు గౌరీ."

అప్పుడు ఆపింది మిషను. "నాను ఆ రోజు ఇంటికొచ్చి ఏటి చేసానో తెలుసా అండి? డాక్టరు కాడికెళ్లి రక్తం పరీక్షలన్నీ చేయించుకున్నాను. ఏ రోగమూ లేదన్నారు. రోగం లేకపోయినా ఎక్కలేనంటే ఇంక నేను పనికిమాలిన దాన్నే కదా అనుకున్నాను. నాలుగు నెలలు అలగే అనుకున్నాను. ఇప్పుడొచ్చి మోటారుందంటున్నారు. ఆ నాలుగు నెలలు ఎవలిస్తారండి?"

వరహాలమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. వెళ్లిపోలేదు.

కాసేపటికి గౌరి లేచి, సైకిలు మీది లంగాలు ఒక్కొక్కటే తీసి తీగ మీద వేసింది. "ఆదివారం వస్తాను. కానీ మీరు నా ఎనకాల రావాలి. ముందుకి రాకూడదు" అంది.

అలా మొదలైంది రెండో ఏడాది. మోటారు తీసేసిన సైకిల్ మీద వరహాలమ్మ మొదటిరోజు రెండో మలుపు కూడా దాటలేదు. రోడ్డు పక్క రాయి మీద కూలబడి కాఫీ తోటల మీది మంచుని తిట్టింది, హైమావతిని తిట్టింది, నూకరాజుని తిట్టింది. గౌరి చెప్పి చూసింది, ఊపిరి తిట్లకి ఖర్చుపెట్టుకోవద్దని. మార్చిలో నాలుగో మలుపు. మేలో ఎండకి మానేశారు. వానాకాలంలో గౌరి జారిపడి మోచెయ్యి గీసుకుంది. ప్రతి నెలా వరహాలమ్మ గుండె పరీక్ష చేయించుకొని, ఆ కాగితం తెచ్చి ఏమీ అనకుండా భర్త ముందు పెట్టేది. ఆయన చదివి, ఏమీ అనకుండా మడిచి దాచేవాడు. నవంబరు పద్నాలుగున, ఏడుసార్లు ఆగి, రెండుచోట్ల దిగి నెట్టుకుంటూ, ఇద్దరూ పైకి చేరారు. దండ వెయ్యడానికి ఎవరూ లేరు. లంబసింగిలో టీ తాగి దిగిపోయారు.

ఈలోగా హైమావతి మాట నిలబెట్టుకుంది. రూలు వచ్చింది, లైటు వచ్చింది. దాంతోపాటు ఇంకోటి కూడా వచ్చింది. తొక్కుడులో సొంత కాళ్ల వాటా ఎంతో చెప్పే అంకె, దానికి 'స్వశక్తి శాతం' అని కంపెనీవాళ్లు పేరు పెట్టారు. ఇరవై శాతం వచ్చినవాడు పాతికకి, పాతిక వచ్చినవాడు ముప్పైకి పోటీపడ్డారు. రహస్యంగా ఉన్నప్పుడు రెండువేలు అమ్ముడైన తోడు, లైటు పెట్టాక రెండు లక్షలు అమ్ముడైంది. క్లబ్బులో అది లేని సైకిళ్లు రెండే మిగిలాయి.

డిసెంబరు ఆఖరి ఆదివారం ఈసారి ఏడాది లెక్కల సభని హాల్లో కాకుండా ఘాట్ మీద యాత్రగా పెట్టారు. పొద్దున్న ఆరున్నర. ఊపిరి పొగలై వస్తోంది. ఘాట్ మొదట్లో కట్టిన గేటు దగ్గర పసుపు జాకెట్టు వేసుకున్న వలంటీరు ఒకడు, చేతిలో ట్యాబ్ పట్టుకొని ఒక్కొక్క సైకిలునీ పంపుతున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి, మర్యాదస్థుడే.

"ఆగండమ్మా. మీ ఇద్దరి లైట్లూ ట్యాబ్‌లో కనబడటం లేదు. లైట్లు తీసేశారా?"

"లైటే లేదు బాబూ. మోటారుంటే కదా" అంది వరహాలమ్మ.

"అందరూ అలాగే అంటున్నారండీ. మొన్న ఒకాయన లైటు తీసేసి మోటారు ఉంచుకున్నాడు."

వరహాలమ్మ సైకిలు తలకిందులు చేసింది. వెనక చక్రం విప్పి, గ్రీజు చేతులతోనే తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. "చూడు. తిప్పు. కావాలంటే కోసి చూడు."

అతను తిప్పి చూశాడు. చక్రం మామూలుగానే తిరిగింది. అతనికీ ఇబ్బందిగానే ఉంది. "నాకు నమ్మకం కుదిరిందమ్మా. కానీ ట్యాబ్ నమ్మదు కదా. ఓ పని చెయ్యండి. తోడు బిగించుకొని, స్విచ్ ఆపేసుకొని రండి. స్వశక్తి కింద నూటికి నూరూ పడతాయి."

"మోటారు లేదని చెప్పడానికి మోటారు కొనుక్కోవాలా?" అంది గౌరి.

"రూలండీ."

వరహాలమ్మ చక్రం లాక్కొని బిగించుకుంది. అడ్డుకర్రని చేత్తోనే ఎత్తి గౌరిని ముందు పంపి, తనూ దూరిపోయింది. వెనకనుంచి అతను పిలుస్తూనే ఉన్నాడు.

రెండు గంటలా పది నిమిషాలు పట్టింది. పదుల కొద్దీ ఎర్ర లైట్లు మంచులోంచి వచ్చి వాళ్లని దాటుకుంటూ వెళ్లాయి. ఆ సైకిళ్ల మీద జనం కబుర్లు చెప్పుకుంటూ పోతున్నారు. ఈసారి వీళ్లిద్దరూ ఎక్కడా దిగి నెట్టలేదు.

పైన పెద్ద తెర. ఏడాది మొత్తం లెక్క. అందరికంటే పైన, స్వశక్తి 64 శాతం, ఒక బ్యాంకు మేనేజరు. ఆయన మెడలో దండ. అన్నిటికంటే కింద రెండు పేర్లు.

పోతల వరహాలమ్మ, స్వశక్తి 0 శాతం.

గండి గౌరి, స్వశక్తి 0 శాతం.

ముఖ్య అతిథిగా వచ్చిన హైమావతి ఆ తెర చూసి, వేదిక దిగి పరుగెత్తుకొచ్చింది. వరహాలమ్మ ఇంకా రొప్పుతూనే ఉంది. ఆమె చేతుల గ్రీజు, ఎర్రబడిన ముఖం చూసి హైమావతికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"టీచర్, పొరపాటు జరిగింది. కొలత రాకపోతే సాఫ్ట్‌వేర్ సున్నా వేసేస్తోంది. నేను సరిచేస్తాను. మీలాంటి వాళ్ల కోసం వేరే పరికరం చేస్తాను. చిన్నది, బరువుండదు. మోటారేమీ ఉండదు టీచర్, మోటారు లేదని చెప్పడానికి మాత్రమే."

వరహాలమ్మ గ్రీజు చెయ్యి హైమావతి మీదికి లేచింది. గౌరి గబుక్కున వచ్చి ఆమె కుడిచెయ్యి మణికట్టు దగ్గర రెండు చేతులతో పట్టుకుంది, గట్టిగా.