బాయిలర్ చుట్టూ కుర్చీలు

కొత్త బాయిలర్‌ను డిజైన్ చేసిన ఇంజనీరును లిఫ్టులో కాల్చి చంపారు. డ్రాయింగులు మాత్రం ముట్టుకోలేదు.

"అంటే వాళ్లకి డిజైన్ అక్కర్లేదు. కంపెనీయే ఉండకూడదు," అన్నాడు చీఫ్. "రేకుల షెడ్డులో నీళ్ల హీటర్లతో మొదలైన కుటుంబం, ఇవాళ దేశదేశాలకు బాయిలర్లు పంపుతోంది. ఇది కూడా హిట్టయితే ఆ విదేశీ ముఠాని పోషించే పోటీ కంపెనీ దుకాణం సర్దుకోవాల్సిందే. రేపు గోడౌన్ మీద దాడి చేస్తారట. మన ఇన్ఫార్మర్ కబురు."

"ఎవరు? ఆ కుటుంబం పెట్టుకున్న ఎక్స్‌పోర్ట్ కన్సల్టెంటా?" అన్నాడు ఏజెంట్.

"ముఠాలో ఉన్న మన మనిషి. కవర్ కోసం ఆ బాయిలర్ కుటుంబపు పెద్ద మనవడితో పెళ్లి కూడా కుదుర్చుకుంది. పాపం, ఎంత కష్టపడుతోందో!"

ఏజెంట్‌కు ఒళ్లు మండిపోయింది. చచ్చిపోయినవాడు అతని ప్రాణస్నేహితుడు. ఆమె మీద అనుమానం ఉందని ఎంత మొత్తుకున్నా చీఫ్ చెవిన పెట్టలేదు. అందమైన ఇన్ఫార్మర్ దొరికితే పెద్దమనుషుల బుర్రలు అద్దెకు పోతాయి.

మర్నాడు డిపార్ట్‌మెంటంతా గోడౌన్‌కు కాపలా కాస్తుంటే, ఆమె కబురు నమ్మని ఏజెంట్ పెట్టుడు మీసంతో, ప్రెషర్ ఇన్‌స్పెక్టర్ వేషంలో ఫ్యాక్టరీ టెస్ట్ రూమ్‌లోకి అడుగుపెట్టాడు. బాయిలర్ అప్పటికే మండుతోంది. దాని చుట్టూ కుర్చీలు వేసుకుని నానమ్మ, కొడుకులు, కోడళ్లు, మనవలు కూర్చున్నారు.

అది తాతగారు పెట్టిన ఆనవాయితీ. పరాయి పిల్లల పక్కన పెట్టేదాన్ని ముందు మన పిల్లల పక్కన పెట్టుకోవాలన్నాడాయన. ఆ పద్ధతి చూసే జనం వాళ్ల సరుకు కొన్నారు, కంపెనీ పెరిగింది. ఇప్పుడా మంచితనాన్నే అడ్డం పెట్టుకుని వంశాన్నంతా ఒక్క దెబ్బకు తుడిచేయాలని చూస్తున్నారు, నీచులు!

"అందరూ బయటికి! పేలిపోతుంది!" అని అరుస్తూ ఏజెంట్ బాయిలర్‌ను ఆపే ఎమర్జెన్సీ హ్యాండిల్ లాగాడు. అది కదల్లేదు.

"మధ్యలో లేవం నాయనా," అంది నానమ్మ. "లేస్తే మా సరుకు మీద మాకే నమ్మకం లేనట్టు."

ఎవరూ లేవలేదు. మొండిఘటాలు! పెద్ద మనవడి పక్కన కూర్చున్న కన్సల్టెంట్ మాత్రం హ్యాండ్‌బ్యాగ్ పట్టుకుని తలుపు వైపు నడిచింది.

"నువ్వూ ఈ ఇంటిదానివేగా, కూర్చోమ్మా," అంది నానమ్మ.

"అర్జెంట్ కాల్, నానమ్మగారూ."

ఏజెంట్ తలుపుకు తాళం వేసి, తాళంచెవి జేబులో పడేశాడు. "పెద్దమ్మగారు చెప్పారుగా. కూర్చో."

"ఆవిణ్ణి ఏకవచనంతో పిలుస్తావా?" అంటూ పెద్ద మనవడు మీదికొచ్చాడు.

"నోర్ముయ్! మీ ఇంజనీరుని, నా స్నేహితుణ్ణి చంపించింది ఈవిడే!"

గేజ్ ముల్లు ఎరుపులోకి దూకింది. పైపులు దడదడలాడాయి. ఆవిరి వదలాల్సిన సేఫ్టీ వాల్వ్ మాత్రం కిక్కురుమనలేదు. కన్సల్టెంట్ తలుపును పిడికిళ్లతో బాదింది. "తియ్! చచ్చిపోతాం!"

"అందరం కలిసే పోదాం."

ముల్లు గేజ్ చివర తగలబోతుండగా ఆమె బ్యాగులోంచి లిప్‌స్టిక్ లాగి అడుగున గట్టిగా నొక్కింది. బర్నర్ టక్కున ఆరిపోయింది. ముల్లు నెమ్మదిగా వెనక్కి జారింది.

ఏజెంట్ ఆమె చేతిలోంచి రిమోట్ లాక్కుని బేడీలు వేశాడు.

నానమ్మ లేచి వెళ్లి కన్సల్టెంట్ చెంప ఛెళ్లుమనిపించింది. "ఆ ఇంజనీరు మా చేతుల్లో పెరిగాడే! చంపడానికి చేతులెలా వచ్చాయే?"

పెద్ద మనవడు తలెత్తలేకపోయాడు. నానమ్మ వాడికేసి ఉరిమి చూసింది.

"బాయిలర్‌కేం, బంగారంలా ఉంది. కోడల్నే టెస్ట్ చేయకుండా తెచ్చావు కదరా!"